దేముడమ్మ చేతులకు తెలిసిన సంగతి

పూర్ణా మార్కెట్ వెనక సందుల్లో ఆ రోజుల్లో పుట్టిన పిల్లల్లో చాలామంది కళ్ళు విప్పి మొదట బాగా చూసింది తల్లి మొహం కాదు, దేముడమ్మ గడ్డం. పసిపిల్లలకు నీళ్ళు పోయడం ఆవిడ పని. తెల్లారేసరికి చీర మోకాళ్ళ పైకి దోపి, పీట మీద కూర్చుని, కాళ్ళు బార చాపేది. ఆ కాళ్ళ మీద బిడ్డను వేసుకుని, నువ్వులనూనె పట్టించి, ముక్కు సాగదీసి, తల గుండ్రంగా ఒత్తి, చేతులూ కాళ్ళూ అడ్డంగా మడిచి విప్పి, సున్నిపిండితో రుద్ది, చెంబుతో వేడినీళ్ళు ధారగా పోసేది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చేది. ఆవిడ ఖాతరు చేసేది కాదు. సాంబ్రాణి పొగ వేసి, అరికాలికి కాటుక చుక్క పెట్టి తల్లి చేతికిస్తే, ఆ బిడ్డ ఇక మధ్యాహ్నం దాకా లేస్తే ఒట్టు.

ఆవిడది సబ్బవరం దగ్గర పల్లె. పెళ్ళయి పట్నం వచ్చింది. మొగుడు చలమయ్య పోర్టులో కలాసీ. ఆయన ఓడల్లోంచి బస్తాలు దించేవాడు, ఈవిడ ఇళ్ళల్లో పిల్లల్ని ఎత్తేది. ఇద్దరిలో ఎవరి పని బరువైందో అన్న తగాదా వాళ్ళింట్లో ముప్ఫై ఏళ్ళూ తెగలేదు. కాపుల ఇళ్ళు, సాయిబుల ఇళ్ళు, పోర్టు క్వార్టర్లు, ఎక్కడ పురుడు వచ్చినా ముందు ఆవిడకే కబురు. మూడు వందల మంది పిల్లలకు నీళ్ళు పోశానని చెప్పుకునేది. లెక్క ఎవరూ అడగలేదు కాబట్టి అది మూడు వందలుగానే ఉండిపోయింది.

గొప్పలు ఎలా ఉన్నా, చేతులు మాత్రం గొప్పవే. ఒళ్ళు ఒకసారి తడిమిందంటే ఈ పిల్లకు కడుపు ఉబ్బరం, ఈ పిల్లాడికి సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడుతుంది అని చెప్పేసేది. చెప్పింది చెప్పినట్టు జరిగేది. ఆ చెప్పడమే ఒకసారి ఆవిడ కొంప ముంచింది.

డెబ్భై మూడులో పోర్టు గుమాస్తా గురునాథరావు గారింట్లో ఆడపిల్ల పుట్టింది. రెండో నెలలో దీపం అటూ ఇటూ తిప్పి చూపిస్తే ఆ పిల్ల కళ్ళు దీపంతో పాటు తిరగలేదు. దేముడమ్మ ఉన్నమాట తల్లితో అనేసింది. ఇంకా ఒళ్ళు తుడవను కూడా లేదు. తడి ఒంటి మీద చెడ్డమాట అనకూడదని నీళ్ళు పోసేవాళ్ళలో ఒక పట్టింపు ఉంది. నీళ్ళు పోశాక దీవించాలే తప్ప వంక పెట్టకూడదు. ఆ పట్టింపు తప్పిన ఎనిమిదో రోజున ఆ పిల్ల విరోచనాలు పట్టుకుని పోయింది. కళ్ళకూ విరోచనాలకూ ఏం సంబంధమని అడిగే తీరిక ఎవరికీ లేదు. గురునాథరావు గారి తల్లి వీధి కుళాయి దగ్గర నలుగురూ వింటుండగా, ఇది నోరు కాదు, దిష్టి అంది. ఒక్క నెలలో అయిదిళ్ళవాళ్ళు దేముడమ్మను మానిపించారు.

ఆ రోజు నుంచి దేముడమ్మ నోటికి తాళం వేసుకుంది. చేతులకు ఏం తెలిసినా సరే, నోట్లోంచి మాత్రం ఒకటే మాట వచ్చేది: బాగున్నాడమ్మా, బంగారం. పోయిన ఇళ్ళు తిరిగి వచ్చాయి. కొత్త ఇళ్ళూ కలిశాయి. ఎప్పుడూ మంచిమాటే చెప్పే మనిషంటే ఎవరికి చేదు?

ఏడేళ్ళు అలా గడిచాయి. ఎనభయ్యో సంవత్సరం జూన్‌లో నజీర్ అహ్మద్ భార్య తాహెరా మగపిల్లాణ్ణి కన్నది. నజీర్‌కు మార్కెట్ మొగలో రేకు పెట్టెల కొట్టు ఉంది. తాహెరా ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టేది. అత్తగారు షరీఫున్నీసాకూ దేముడమ్మకూ పాతికేళ్ళ స్నేహం. నజీర్‌కు నీళ్ళు పోసింది కూడా దేముడమ్మే. కాన్పు ఇంట్లోనే జరిగింది. రెండు రోజులు నొప్పులు పడింది. పిల్లాడు పుట్టగానే ఏడవలేదు. మంత్రసాని తలకిందులుగా పట్టుకుని చరిచి, చన్నీళ్ళు జల్లి, చాలాసేపటికి ఏడిపించింది. జిలానీ బాషా అని పేరు పెట్టారు.

మూడో నెలలో ఒక పొద్దున దేముడమ్మ జిలానీని కాళ్ళ మీద వేసుకుని, ఎప్పట్లాగే కాళ్ళు విడదీసి నూనె రాయబోయింది. అవి విడలేదు. బలంగా విడదీస్తే విడి, వదలగానే మళ్ళీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గుప్పిట విప్పితే బొటనవేలు లోపలికి ముడుచుకుని ఉంది. విప్పి వదిలితే మళ్ళీ ముడుచుకుంది. మెడ చూస్తే నిలవడం లేదు, వాలిపోతోంది. కాళ్ళు కొయ్యలు, మెడ దూది. మూడు వందల మందిలో ఇలాంటి ఒళ్ళు ఆవిడ చేతికి రెండుసార్లే తగిలింది. ఆ ఇద్దరిలో ఒకడు నడవలేదు, రెండోవాడు నడవనూ లేదు, మాట్లాడనూ లేదు.

ఎదురుగా తాహెరా తువ్వాలు పట్టుకుని నిలబడి, ఎలా ఉన్నాడని అడిగింది. ఊరికే, రోజూ అడిగినట్టే అడిగింది.

దేముడమ్మ పిల్లాణ్ణి చంకల కింద పట్టుకుని పీట మీద నిలబెట్టింది. బిర్రబిగుసుకున్న ఆ కాళ్ళు నిజంగానే నిలబడ్డట్టు నిటారుగా నిలిచాయి. "సూడమ్మా, ఎంత గట్టి గుంటడో. ఇప్పుడే నిలబడిపోతన్నాడు," అంది.

తాహెరా మురిసిపోయి అత్తగారిని పిలిచింది. అత్తగారు నజీర్‌ను పిలిచింది. ముగ్గురూ నిలబడి చూశారు. ఆ నెలలో దేముడమ్మకు కొత్త చీర పెట్టారు. ఆ చీర కట్టుకోవడానికి ఆవిడకు మనసొప్పలేదు, కట్టుకోకపోతే అడుగుతారని కట్టుకుంది.

నోరు మూసుకుంటే ఒక తప్పు. కానీ ఇక్కడ దేముడమ్మ నోరు తెరిచి, రోగాన్ని బలమని చూపించింది. తల్లి ఆ మాట పట్టుకుని కూర్చుంది. ఆరో నెలలో మెడ నిలవకపోతే తల పెద్దది, ఆలస్యమవుతుందిలే అనుకున్నారు. తొమ్మిదో నెలలో పక్కింటివాళ్ళు డాక్టరుకు చూపించమంటే తాహెరాకు కోపం వచ్చింది. మూడు వందల మందికి నీళ్ళు పోసిన మనిషి గట్టి పిల్లాడని చెప్పింది, మీకేం తెలుసని జవాబిచ్చింది. ఈ సంగతి తాహెరాయే నవ్వుతూ దేముడమ్మకు చెప్పింది. దేముడమ్మ కూడా నవ్వింది. ఇంటికెళ్ళి అన్నం కంచం పక్కకు నెట్టేసింది. చలమయ్యకు చెబితే, ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటారు, ఊరుకోమన్నాడు. ఊరుకోమని సలహా చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఇంట్లోనే దొరుకుతారు.

మరుసటి ఏడు వికలాంగుల సంవత్సరమని దేశమంతా సభలూ శిబిరాలూ పెట్టారు. నవంబరులో రిక్షాకు మైకు కట్టి సందుల్లో చాటారు: నడవని పిల్లల్ని, మాటలు రాని పిల్లల్ని తీసుకురండి, బళ్ళో శిబిరం, ఉచితం. జిలానీకి పదిహేడో నెల. ఇంకా కూర్చోలేదు. అది పోలియో వచ్చిన పిల్లలకోసం, మనవాడికెందుకని షరీఫున్నీసా అడ్డుపడింది. నజీర్ వినలేదు. నువ్వుంటే నాకు ధైర్యమని తాహెరా దేముడమ్మను వెంటబెట్టుకెళ్ళింది.

శిబిరంలో పెద్దాసుపత్రి నుంచి వచ్చిన సూర్యకాంతమ్మ గారని ఒకావిడ ఉంది. పిల్లల చేత కసరత్తులు చేయించడం ఆవిడ ఉద్యోగం. బల్లలూ కుర్చీలూ పక్కకు తోయించి, చాప మీద కూర్చుని, కాళ్ళు చాపి, జిలానీని ఆ కాళ్ళ మీద వేసుకుంది. తొడలు విడదీసి చూసింది, గుప్పిళ్ళు విప్పింది, మెడ కింద చెయ్యి వేసింది. దేముడమ్మ ఆ చేతుల్నే చూస్తూ కూర్చుంది. తన చేతులు వెళ్ళిన చోటికే అవీ వెళ్ళాయి, అదే వరసలో.

కాన్పు ఎలా జరిగిందని సూర్యకాంతమ్మ అడిగి తెలుసుకుంది. పుట్టగానే ఊపిరి అందక మెదడుకు దెబ్బ తగిలిందని, అది పూర్తిగా నయం కాదని, కానీ కసరత్తులు చేయిస్తే చాలా వరకు లొంగుతుందని విడమరిచి చెప్పింది. తర్వాత పిల్లాడి కాలు నిమురుతూ, "ఆలస్యమైందమ్మా. పసితనంలో ఒళ్ళు చెప్పినమాట వింటుంది. మూడు నాలుగు నెలలకే తీసుకొచ్చి ఉంటే ఈపాటికి కూర్చునేవాడేమో. రోజూ ఒళ్ళు తడిమేవాళ్ళెవరూ లేరా మీ ఇంట్లో?" అంది.

తాహెరా పక్కనే ఉన్న దేముడమ్మ భుజం మీద చెయ్యి వేసి, ఈ అమ్మ ఉందండీ, ఈవిడ బాగున్నాడనే చెప్పిందండీ అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఈవిడకే తెలియనిది ఇంకెవరికి తెలుస్తుందన్న నమ్మకం మాత్రం ఉంది. సూర్యకాంతమ్మ దేముడమ్మ వంక ఒక్క క్షణం చూసి ఇంకేమీ అడగలేదు. అప్పుడైనా నోరు విప్పవచ్చు. దేముడమ్మ విప్పలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూసింది.

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. ఊపిరి అందలేదన్న మాట షరీఫున్నీసా చెవికి ఎక్కలేదు. ఆవిడ దగ్గర వేరే కారణం సిద్ధంగా ఉంది. ఎనభై ఫిబ్రవరిలో పెద్ద సూర్యగ్రహణం పట్టింది. పట్టపగలు పట్నమంతా తలుపులేసుకుంది, బజార్లో పురుగు లేదు. తాహెరాకు అప్పుడు అయిదో నెల. సాయంత్రం నిఖాకు ఇవ్వాల్సిన జాకెట్టు ఉందని వెనక గదిలో కత్తెర పట్టుకుని గుడ్డ కత్తిరించింది. అత్తగారు చూసి కసిరింది. ఇప్పుడు మనవడి కాళ్ళు చూడు, కత్తెర పడ్డట్టు పడుతున్నాయి, ఇంకా సాక్ష్యం కావాలా అని షరీఫున్నీసా వాదన. వాదించి వాదించి దేముడమ్మ వైపు తిరిగి, నువ్వు చెప్పు, ఇన్ని కాన్పులు చూశావు, గ్రహణం దోషమా కాదా అని అడిగింది.

దేముడమ్మకు అందులో దారి కనిపించింది. తప్పు గ్రహణానికి పోతే తన దాకా రాదు. "ఉంటాదమ్మా, గ్రహణమంటే మాటలేటి," అని తల ఊపింది.

ఆ తల ఊపుతో తాహెరా కుట్టుమిషనుకు ముసుగు వేసేసింది. మళ్ళీ కత్తెర ముట్టలేదు. పిల్లాడికి పాలు పట్టేటప్పుడు కూడా వాడి కాళ్ళు చూడలేక గుడ్డ కప్పేది.

ఇక దేముడమ్మ చేసిందేమిటంటే, చాకిరీ. చెప్పాల్సిన నాలుక చెప్పకపోతే ఒంటితో తీర్చుకోవచ్చనుకునే మనుషులుంటారు. ప్రతి సోమవారం, గురువారం జిలానీని చంకనేసుకుని పెద్దాసుపత్రి ఎత్తు ఎక్కేది. సూర్యకాంతమ్మ చూపించిన కసరత్తులన్నీ ఒక్కసారికే పట్టేసింది. దుప్పటి చుట్టి దాని మీద బోర్లా వేయడం, తొడలు విడదీసి తన నడుముకు ఇటో కాలు అటో కాలు వచ్చేలా ఎత్తుకోవడం, గుప్పిట విప్పేముందు మణికట్టు వంచడం. రోజూ రెండు పూటలా చేయించేది. పైసా తీసుకోలేదు. వాడు రెండున్నరేళ్ళకు మెడ నిలిపాడు, మూడేళ్ళకు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "అవ్వా" అన్నాడు. వాడి మొదటి మాట అదే. తల్లిని కాకుండా తనను పిలిచాడని సందంతా మెచ్చుకుంటే, దేముడమ్మ ఏడుస్తూ ఇంటికెళ్ళిపోయింది. సంతోషం పట్టలేక ఏడ్చిందనుకున్నారు. ఇంత మంచి మనిషి ఎక్కడుందని అందరూ అన్నారు. ఆ మెప్పు ఒంటికి కారం రాసినట్టుండేది.

ఎనభై మూడు నడిమిలో తాహెరాకు మళ్ళీ నెల తప్పింది. ఏడాది చివరికి అయిదో నెల వచ్చింది. ఒకరోజు దేముడమ్మ వెళ్ళేసరికి మార్కెట్లో దర్జీ వరహాలు వచ్చి మిషను చక్రం తిప్పి చూస్తున్నాడు. ఏమిటని అడిగితే, అమ్మేస్తున్నానని తాహెరా చెప్పింది. ఇంట్లో ఉంటే ఎప్పుడైనా చెయ్యి పోతుందేమో, ఈ కడుపులో ఉన్నదాన్ని కూడా పాడు చేసుకోలేనంది. ఒక కొడుకును నా చేతులతో నేనే అలా చేసుకున్నాను, చాలు అంది. ఏడవలేదు. బియ్యం అయిపోయాయని చెప్పినంత మామూలుగా చెప్పింది.

దేముడమ్మ గుమ్మంలోనే చతికిలబడింది.

"అమ్మకు తల్లీ. కత్తెర కాదు, గెరణమూ కాదు. కాన్పులో ఊపిరందక అలాగయినాదని ఆ మేడం గారు సెప్పినారు, అదే నిజం. గెరణమని నాను తలూపినాను. తప్పు నా మీదకి రాకండా ఊపినాను."

తాహెరాకు అర్థం కాలేదు. నీ మీదకు ఎందుకొస్తుందని అడిగింది.

"నాకు మూడో నెల్లోనే తెలుసు. కాళ్ళు ఇడదీత్తే ఇడలేదు, గుప్పిట ఇప్పితే ఇప్పుకోలేదు. తెలిసి, బాగున్నాడని సెప్పినాను. నిలబెట్టి సూపించినాను. సెప్తే నన్ను మానిపించేత్తారని బయ్యం."

వరహాలు చక్రం మీంచి చెయ్యి తీసి, మళ్ళీ వస్తానని గొణిగి వెళ్ళిపోయాడు. తాహెరా నిలబడే వేళ్ళ మీద లెక్కపెట్టింది. మూడో నెల నుంచి పదిహేడో నెల దాకా.

"పద్నాలుగు నెలలు," అంది. ముడిచిన వేళ్ళు వదిలేసి, "అదొగ్గేయ్. రెండేళ్ళ బట్టి నా వల్లే అయినాదని ఏడుత్తన్నాను. నువ్వు రోజూ నా పక్కనే కూకున్నావు. నా కళ్ళు తుడిసినావు. ఎలాగ తుడిసినావు?" అంది.

తిడితే బాగుండునని దేముడమ్మ ఎదురు చూసింది. తాహెరా తిట్టలేదు. ఇంక మా ఇంటికి రాకు అని మాత్రం అంది. లోపలి గదిలోంచి అంతా విన్న షరీఫున్నీసా కూడా బయటికి రాలేదు. కోడలి ఎదట పడటానికి ఆవిడకూ మొహం చెల్లలేదు.

గురువారం వచ్చింది. ఇంటికి రావద్దన్నారు గానీ ఆస్పత్రి ఎత్తు ఎవరి సొంతమూ కాదు. దేముడమ్మ పొద్దున్నే వెళ్ళి ఆ ఎత్తు మొదట్లో నిలబడింది. చాలాసేపటికి తాహెరా వచ్చింది. బురఖాలో, ఎదుగుతున్న పొట్ట మీద జిలానీని మోస్తూ, నాలుగడుగులకోసారి ఆగుతూ వచ్చింది. దేముడమ్మ చేతులు చాచింది. తాహెరా ఆవిడ మొహం చూడకుండా పిల్లాణ్ణి ఇచ్చేసి ముందు నడిచింది. నాలుగు నెలలు అలాగే సాగింది. పిల్లాడు చేతులు మారేవాడు, మాట మాత్రం లేదు. మిషను అమ్మలేదని, దాని మీద ముసుగు తీశారని జిలానీ తనకొచ్చిన ముక్కల్లో చెబితే తెలిసింది.

నీళ్ళు పోసే ఇళ్ళల్లో దేముడమ్మ ఆ రోజుల్లోనే నోరు విప్పడం మొదలుపెట్టింది. తడి ఒళ్ళయినా పొడి ఒళ్ళయినా ఉన్నది ఉన్నట్టు చెప్పేది. రెండిళ్ళల్లో మెడపట్టి గెంటినంత పని చేశారు. ఒక ఇంట్లో మాత్రం నాలుగో నెల పిల్లను ఎత్తుకుని సూర్యకాంతమ్మ దగ్గరికి పరిగెత్తారు. ఆ పిల్ల ఏడాదిన్నరకు నడిచింది. ఆ కబురు విన్నరోజు కూడా దేముడమ్మకు జిలానీయే గుర్తొచ్చాడు. వీడు కూడా నడిచేవాడు అనుకుంది. అది మనసులోంచి పోదు, పోవాలని ఆవిడ కోరుకోనూ లేదు.

ఎనభై నాలుగు ఏప్రిల్‌లో తాహెరాకు ఆస్పత్రిలోనే ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే గట్టిగా ఏడ్చింది. నీళ్ళు పోయడానికి మొదట వేరే మనిషిని పెట్టుకున్నారు. మూడో నెల రాగానే ఒక పొద్దున నజీర్ వచ్చి, తాహెరా రమ్మంటోందని చెప్పి వెళ్ళాడు.

వెళ్ళేసరికి పీట వేసి ఉంది. నీళ్ళు కాగుతున్నాయి. తాహెరా పిల్లను ఆవిడ కాళ్ళ మీద పెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నాలుగేళ్ళ జిలానీ గోడ పట్టుకుని నిలబడి చెల్లెల్ని చూస్తున్నాడు; నిలబడగలడు, అడుగు వెయ్యలేడు. దేముడమ్మ నూనె రాసింది. కాళ్ళు విడదీస్తే విడిపోయాయి, వదిలితే తన్నాయి. గుప్పిట విప్పకముందే విప్పుకుంది. బోర్లా వేస్తే మెడ ఎత్తి నీళ్ళ గంగాళం వైపు చూసింది. వంక పెట్టడానికి లేని ఒళ్ళు. దేముడమ్మ సున్నిపిండి రుద్ది నీళ్ళు పోస్తూ రెండోసారి తడిమింది, మూడోసారి తడిమింది. కళ్ళ నీళ్ళు పిల్ల వీపు మీద పడ్డాయి.

"బాగుంది తల్లీ. నిజంగా బాగుంది. ఏ లోపమూ నేదు," అంది.

తాహెరా పిల్లను తువ్వాల్లో చుట్టి తీసుకుంది. పొడి గుడ్డలు కట్టింది. మేకుకున్న బురఖా అందుకుంది. "పద, పెద్దాసుపత్రికి ఎల్దాం. మేడం గారు సూసి సెప్తే అప్పుడు నమ్ముతాను," అంది. ఆ గొంతులో కోపం లేదు. నూనెగిన్నె పక్కకు జరుపుతూ, ఖాళీ అయిన నీళ్ళ బిందె మళ్ళీ నింపాలన్నంత మామూలుగా అంది.

ఈసారి అబద్ధం కాదమ్మా, ఒట్టు అనబోయింది దేముడమ్మ. అనలేకపోయింది. ఆ రోజు కూడా ఇదే పీట మీద, ఇదే గొంతుతో చెప్పింది మరి. లేచి, తడి చేతులు చీరకు తుడుచుకుని, జిలానీని నడుముకు ఇటో కాలు అటో కాలు వచ్చేలా ఎత్తుకుని, తాహెరా వెనకే బయలుదేరింది.